మెకంజీ దొర - మన ఊళ్ళ కాగితాలు

మన సంఘం వారు ఈ ఉగాది సంచికకు బళ్ళారి సీమను గురించి ఏదైనా వ్రాసి ఇమ్మని మమ్ము కోరినారు. బళ్ళారి అనగానే ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్ళారి రాఘవ గారల పేర్లు ముందుకు వస్తవి. ఆ ముగ్గురు నాటకరంగానికి చేసిన సేవను గురించి వ్రాసినవారు చాలామంది ఉన్నారు. మేము వారిని విడిచి, తెలుగువాడు కాని, తెలుగు చదువుకోని, అయినా మన సీమలోని ఊళ్ళ కథలను కాగితం మీదికి ఎక్కించిన ఒక స్కాట్లండు దేశస్థుని జీవితం చెప్పదలచినాము. ఆయన పేరు కాలిన్ మెకంజీ. మెకంజీ కైఫియత్తులు అనే మాట మన చరిత్ర పుస్తకాలలో అడుగడుగునా కనిపిస్తుంది. ఆ మాట వెనుక ఉన్న మనిషిని, ఆ మనిషి వెనుక నిలబడి పనిచేసిన మనవారిని ఎరిగినవారు మాత్రం తక్కువ.

స్కాట్లండుకు వాయవ్యంగా సముద్రంలో లూయిస్ అనే దీవి ఉన్నది. చెట్టూ చేమా తక్కువ, గాలి ఎక్కువ. ఆ దీవిలో స్టోర్నోవే అనే రేవు పట్టణంలో 1754 ప్రాంతంలో మెకంజీ పుట్టినాడు. తండ్రి వర్తకుడు, ఆ ఊరి తపాలా వ్యవహారం కూడా చూచేవాడు. మెకంజీ యౌవనమంతా స్వస్థలంలోనే సుంకాల కచ్చేరిలో గడిచింది. వచ్చిన ఓడ, పోయిన ఓడ, దించిన సరుకు, కట్టిన సుంకం, ఇవన్నీ పుస్తకాలలోకి ఎక్కించే ఉద్యోగం. రైలు కచ్చేరిలో రిజిస్టర్ల మధ్య కూర్చునే మాకు ఈ సంగతి తెలిసినప్పటినుంచీ ఆయన మీద ఒక అభిమానం ఏర్పడింది. కత్తి పట్టినవారి మీద కలగని అభిమానం కలం పట్టినవారి మీద కలగడం సహజమే కదా.

1783లో, సుమారు ముప్పయి ఏళ్ళ వయసులో, ఆయన ఉద్యోగం మార్చుకొని కుంఫిణీ సైన్యంలో చేరి చెన్నపట్నంలో దిగినాడు. ఇంత వయసులో సముద్రాలు దాటి రావడానికి జీతం ఒక్కటే కారణం కాదు. లాగరిథంలు కనిపెట్టిన గణిత పండితుడు జాన్ నేపియర్ వంశంలోని ఒక ప్రభువు తన పూర్వుని చరిత్ర వ్రాయదలచి, హిందువుల గణితాన్ని గురించి సమాచారం కూర్చడంలో మెకంజీ సాయం పొందినాడు. ఆ ప్రభువు కుమార్తె హెస్టరు పెళ్ళిచేసుకొని మధురలో కాపురం ఉండేది. మెకంజీ అక్కడికి పోయి, ఆమె పిలిపించిన బ్రాహ్మణ పండితులతో మాట్లాడినాడు. లెక్కల కోసం పోయిన మనిషికి ఆ దేశం మీదనే మనసు తగులుకున్నది. కాని ఆ తరువాత పన్నెండు, పదమూడు ఏళ్ళు ఆయనకు తీరిక దొరకలేదు. టిప్పు సుల్తానుతో యుద్ధాలు, కోటల ముట్టడులు, కొలతలు, పటాలు, వీటితోనే కాలం గడిచిపోయింది.

1792 తరువాత నిజాం రాజ్యంలో ఉన్న కుంఫిణీ పటాలానికి ఇంజనీరుగా పోయి, ఆ రాజ్యానికి పటం తయారుచేసే పని చేపట్టినాడు. ఆ తిరుగుళ్ళలో 1794లో శ్రీశైలం పోయి మల్లికార్జునస్వామి ఆలయ ప్రాకారపు బొమ్మలను చూచి, ఆ యాత్రను గురించి వ్రాసిన వ్యాసం కలకత్తా పండితుల పత్రికలో అచ్చయింది. 1797లో అమరావతి పోయి, మట్టి దిబ్బలో బయటపడుతున్న చలువరాతి శిల్పాలను చూచినాడు. చూచినాడే గాని, వాటి మీది అక్షరాలు ఏమంటున్నవో, ఊరివాళ్ళు చెప్పే కథ ఏమిటో ఆయనకు తెలియదు. మన భాషలు ఆయనకు పట్టుబడలేదు. ఈ సంగతి ఆయన ఎక్కడా దాచలేదు.

ఇక్కడనే మనవారు ప్రవేశిస్తారు. ఏలూరుకు చెందిన నియోగి బ్రాహ్మణుల ఇంటి బిడ్డ కావలి వెంకట బొర్రయ్య 1796 ప్రాంతంలో మెకంజీ దగ్గర కొలువులో చేరినాడు. అప్పటికి ఇరవై ఏళ్ళ పిల్లవాడు. తెలుగు, సంస్కృతం, హిందూస్తానీ, ఇంగ్లీషు తెలిసినవాడు. అంతకంటె ముఖ్యం, మనిషిని మాటలలో దింపగలవాడు. చాలా ఏళ్ళ తరువాత, 1817లో, మెకంజీ తన మిత్రుడు అలెగ్జాండర్ జాన్‌స్టన్ దొరకు ఒక పెద్ద ఉత్తరంలో తన పని కథ అంతా వ్రాసినాడు. అందులో ఈ దేశపు విద్యల వాకిలిలోకి తనను మొదట నడిపించినవాడు ఈ యువకుడేనని స్పష్టంగా ఒప్పుకున్నాడు. అధికారంలో ఉన్న దొర తన గుమాస్తాను గురించి అంత మాట వ్రాయడం ఆ కాలంలో అరుదు. ఏ కాలంలోనైనా అరుదే అని మా అనుభవం.

1799లో శ్రీరంగపట్టణం పడిపోయింది. మైసూరు రాజ్యాన్ని కొలిచే పని మెకంజీకి వచ్చింది. నలభై వేల చదరపు మైళ్ళకు మించిన నేల అది. సహాయకులను సరిపడినంతమందిని ఇవ్వలేదు, డబ్బు కూడా పిసినారితనంగానే ఇచ్చినారు. అయినా ఆయన గొలుసుతో నేలను కొలవడంతో ఆగక, ప్రతి ఊరిలోనూ ఈ ఊరు ఎవరు కట్టినారు, చెరువు ఎవరు త్రవ్వించినారు, గుడికి మాన్యం ఎవరిచ్చినారు, ఏ పాళెగాడు ఏలినాడు, ఏ దండు వచ్చి కొల్లగొట్టింది అని అడిగించేవాడు.

ఆ రోజులలోనే మన సీమకు వచ్చినాడు. హంపి శిథిలాల మధ్య మకాం వేసి, ఆ మహానగరానికి రంగులతో పటం వ్రాయించినాడు. హంపికి కొలతలతో తయారైన మొట్టమొదటి పటం అదే అంటారు. నేడు అది లండనులో ఉన్నది. కమలాపురంలో ఆనెగొంది రాజవంశానికి చెందిన తిమ్మప్ప అనే ఆయనను కలుసుకొని, విజయనగరపు రాజుల కథను ఆయన నోట చెప్పించి వ్రాసుకున్నాడు. ఏటికి ఆవల ఆనెగొందిలో ఉన్న బంధువు నుంచి కూడా అదే కథ సేకరించి రెంటినీ కలిపినాడు. రాజ్యం పోయి రెండు వందల ఏళ్ళు దాటిన తరువాత, ఆ వంశంవాడే కూలిన గోడల పక్కన కూర్చుని తన తాతముత్తాతల పేర్లు వరుసగా చెప్తూ ఉంటే, తెలుగు గుమాస్తాలు వ్రాసుకోవడం ఒకసారి ఊహించుకోండి. రాబర్ట్ సీవెల్ దొర 1900లో విజయనగరాన్ని గురించి ప్రసిద్ధమైన పుస్తకం వెలువరించడానికి నూరేళ్ళ ముందరి మాట ఇది. సీవెల్ కూడా బళ్ళారిలో కలెక్టరు ఉద్యోగం చేసినవాడే.

బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగం నిజాం చేతికి 1792లోనూ 1799లోనూ వచ్చినవి. వాటిని ఆయన 1800 అక్టోబరులో కుంఫిణీకి ఇచ్చివేసినాడు. అందుకే దత్తమండలాలు అన్నారు. రాయలసీమ అనే పేరు 1928లో నంద్యాల సభలో వచ్చింది, అంతకు ముందు లేదు. దత్తమండలాలకు మొదటి పెద్ద కలెక్టరు మన్రో దొర. 1807 వరకు ఉన్నాడు. ఆయన ఎనభై మంది దాకా పాళెగాళ్ళను అణచి, కొందరికి భరణాలు ఏర్పాటుచేసి, భూములు కొలిపించి శిస్తు కట్టినాడు. మన్రో పేరు మా సీమలో ఇప్పటికీ పలుకుతారు. ఆయన వెళ్ళిన తరువాత 1809 నుంచి మెకంజీ మనుషులు ఇదే దత్తమండలాలలో ఊరూరా తిరిగినారు. మన్రో ఊరి నుంచి రావలసినది లెక్క వ్రాయించినాడు. ఊరికి జరిగినది వ్రాయించుకున్నవాడు మెకంజీ.

కైఫియత్తు అంటే పారశీకపు కచ్చేరీ మాట, వివరణ అని అర్థం. వాటిని వ్రాసి ఇచ్చినవారు మన కరణాలే. మన పిల్లలకు కరణం అంటే సినిమాలలో కనిపించే జిత్తులమారి మనిషి. కాని ఊరి జ్ఞాపకమంతా ఆయన పెట్టెలో ఉండేది. తాటాకుల మీద, కాగితాల మీద తరతరాలుగా వ్రాసి ఉంచిన దండకవిలెలు ఆయన ఇంటిలో ఉండేవి. బళ్ళారి ప్రాంతంలో కడితం అనేది మరొకటి ఉండేది. గుడ్డకు చింతగింజల అంబలి, బొగ్గుపొడి పట్టించి, ఆరబెట్టి, విసనకర్ర మాదిరి మడతలు పెట్టి, దాని మీద బలపంతో వ్రాసేవారు. తప్పు వస్తే తుడిచి మళ్ళీ వ్రాయవచ్చు. నల్లని గుడ్డ మీద తెల్లని అక్షరాలు. చూడడానికి బడి పలకను మడత పెట్టినట్టు ఉంటుంది. సరిగా దాచుకుంటే తాటాకు కంటె తక్కువేమీ నిలవదు.

ఈ కవిలెలు బయటికి రావడం సులభమైన పని కాదు. కొత్తగా వచ్చిన కుంఫిణీ దొరతనం వారి మనిషి వచ్చి, మీ మాన్యం ఎవరిచ్చినారు, శాసనం ఉన్నదా అని అడిగితే ఎవరికి భయం వేయదు? చూపితే ఉన్నది ఊడబెరుకుతారేమో, చూపకపోతే అసలే లేదంటారేమో. చాలాచోట్ల కరణాలు కవిలెలు కాలిపోయినవని, దండులు వచ్చినప్పుడు పోయినవని చెప్పి తప్పించుకునేవారు. నిజంగా పోయినవీ ఉన్నవి. బొర్రయ్య, ఆయన తరిఫీదు ఇచ్చిన గుమాస్తాలు బెదిరింపుతో గాక పెద్దల ఉత్తరాలు పట్టుకొని పోయి, గుడిలో కూర్చుని, నాలుగు రోజులు ఊరిలో ఉండి, నమ్మకం కలిగించి పని జరుపుకునేవారు. దత్తమండలాలలో తిరిగినవారిలో నారాయణరావు, ఆనందరావు అనే ముత్సద్దుల పేర్లు మిగిలినవి. ఎండనక, జ్వరమనక తిరిగి, ఎక్కడికి పోయినదీ, ఎవరిని కలిసినదీ, ఎవరు ఏమి ఇవ్వలేదన్నదీ ఎప్పటికప్పుడు దొరకు వ్రాసి పంపేవారు. ఆ నివేదికలు కూడా భద్రంగా ఉన్నవి.

ఒక్క సంగతి నిజాయితీగా చెప్పుకోవలె. మెకంజీ ఇదంతా మన మీద ప్రేమతోనే చేసినాడని మేము అనము. ఆయన జయించినవారి పటాలంలో ఉద్యోగి. ఆయన వ్రాయించిన పటాలు పన్నులకూ, దండు నడవడానికీ పనికి వచ్చినవి. కాని దారి ఎక్కడ, వాగు ఎంత లోతు, పంట ఎంత అని వ్రాసుకొనిపోతే పై అధికారులకు చాలును. ఊరి గుడిలోని విగ్రహం ఎవరి కలలోకి వచ్చింది, చెరువు కట్ట నిలవడానికి ఎవరు ప్రాణం ఇచ్చినారు అనే కథలను దొరతనం వారు ఎవరూ అడుగలేదు. అవి వ్రాయించడానికి ఆయన చాలామట్టుకు తన సొంత జీతం పోసినాడు. పదిహేను వేల పౌన్లకు పైగా ఖర్చయిందని ఆయన మరణానంతరం మిత్రులు లెక్క చెప్పినారు.

కైఫియత్తులలో ఉన్నదంతా చరిత్ర అని కూడా అనుకోరాదు. ఒక ఊరు పుట్టుక జనమేజయుని దగ్గర మొదలుపెట్టి, రెండు పంక్తులలో కృష్ణదేవరాయల దగ్గరికి దూకుతుంది. సంవత్సరాలు కలియవు. ఒకే చెరువును ముగ్గురు త్రవ్వించినట్టు ఉంటుంది. కాని కరువులో ఊరు పాడుపడి మళ్ళీ ఎవరు వచ్చి కుదిరినారు, ఏ కులంవారికి ఏ మిరాసు, ఏ కాలువ మీద ఎవరికి ఎంత నీరు, అన్న చోటికి వచ్చేసరికి కరణం కలం పొల్లుపోదు. పండితులు ఆ భేదం తెలిసి వాడుకున్నారు. నీలకంఠశాస్త్రి, నేలటూరి వెంకటరమణయ్య గారలు 1946లో విజయనగర చరిత్రకు ఆధారాలు కూర్చి ప్రకటించినప్పుడు ఈ కాగితాలే చాలా అక్కరకు వచ్చినవి.

మా సీమవారికి ఇందులో మరొక విశేషం కనిపిస్తుంది. ఈ కాగితాలు ఏ భాషలో ఉన్నవి? కరణానికి ఏది చేతనైతే అందులో. తెలుగులో ఉన్నవి, కన్నడంలో ఉన్నవి, మరాఠీలో ఉన్నవి. బళ్ళారి చుట్టుపట్ల ఒక ఊరు తెలుగులో చెప్పుకుంటే పక్క ఊరు కన్నడంలో చెప్పుకున్నది. తెలుగులో ఉన్నదానిలో కన్నడపు మాటలు, కన్నడంలో ఉన్నదానిలో తెలుగు మాటలు దొర్లుతవి. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చినవి. బళ్ళారి కోసం ఎంత వాదులాట జరిగిందో పెద్దలు చెప్పగా విన్నాము. మిశ్రా కమిటీ కూర్చున్నది, తీర్పు అయింది, బళ్ళారి మైసూరుకు పోయింది. 2021లో హోసపేట, హంపి ప్రాంతాలు బళ్ళారి నుంచి విడిపోయి విజయనగర జిల్లా అయినవి. గీతలు ఎన్నిసార్లు గీసినా 1809 నాటి కాగితాన్ని రెండు ముక్కలుగా చింపి పంచుకోవడం కుదరదు. హంపిలోని కన్నడ విశ్వవిద్యాలయం వారు 1994లో కల్బుర్గి గారి సంపాదకత్వంలో కర్ణాటక కైఫియత్తులను పెద్ద పుస్తకంగా అచ్చువేసినారు. కడప కైఫియత్తులు మన బ్రౌను కేంద్రం ద్వారా వెలువడినవి. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకొని చదివితేనే మా సీమ పూర్తిగా కనిపిస్తుంది.

ఇక మెకంజీ జీవితానికి వస్తాము. 1803లో బొర్రయ్య చనిపోయినాడు. వయసు ఇరవై ఏడుకు మించదు. అంత చిన్న వయసులోనే పాత కన్నడపు శాసనాలు చదివే దారి వెదకినాడు, జైనులను గురించి సేకరించిన సమాచారాన్ని ఇంగ్లీషులోకి తెచ్చినాడు. మెకంజీ తన గుమాస్తాకు చెన్నపట్నం సముద్రపు ఒడ్డున స్మారకం కట్టించినాడని చెప్తారు. బొర్రయ్య స్థానంలోకి తమ్ముడు లక్ష్మయ్య వచ్చినాడు. అన్నకు ఉన్న చురుకు తమ్మునికి వ్యవహారదక్షతగా వచ్చినట్టున్నది. ఎవరు ఏ జిల్లాకు పోవలె, ఏ కాగితం ఎవరు ఇంగ్లీషులోకి మార్చవలె, ఎవరి జీతం ఎంత, అంతా లక్ష్మయ్యే చూచేవాడు. జైన పండితుడు ధర్మయ్య హళగన్నడం చదివేవాడు. మరో తమ్ముడు రామస్వామి కూడా ఈ బలగంలోనివాడే.

1810లో మెకంజీ చెన్నపట్నం రాజధానికి సర్వేయరు జనరలు అయినాడు. మరుసటి ఏడు దండుతో జావా దీవికి పోయి రెండేళ్ళు ఉన్నాడు. అక్కడ కూడా పాత కాగితాలే పోగుచేసినాడు, అక్కడనే పెళ్ళి కూడా చేసుకున్నాడు. దొర లేడని లక్ష్మయ్య పని ఆపలేదు. మన దత్తమండలాల కైఫియత్తులు చాలామట్టుకు దొర దూరంగా ఉన్న ఆ కాలంలో వచ్చినవే. 1815లో దేశానికంతటికీ మొదటి సర్వేయరు జనరలు పదవి మెకంజీని వరించింది. 1816లో చెన్నపట్నంలో థామస్ హికీ అనే చిత్రకారుడు ఆయన పటం వ్రాసినాడు. ఎర్ర కోటు వేసుకొని దొర నిలబడి ఉంటాడు. చుట్టూ ముగ్గురు మనవారు. ఒకరి చేతిలో తాటాకులు, ఒకరి చేతిలో దుర్భిణి, దూరాన కొండ మీద కార్కళ గోమటేశ్వరుడు. ఆ ముగ్గురిలో లక్ష్మయ్య, ధర్మయ్య ఉన్నారని పండితుల ఊహ. ఒక దొర తన చిత్రపటంలో తన పండితులను పక్కన నిలబెట్టుకున్నాడు. వారి పేర్లు మాత్రం పటం మీద వ్రాయించలేదు.

1817లో కచ్చేరి కలకత్తాకు మారింది. లక్ష్మయ్య, రామస్వామి మొదలైనవారు మూటాముల్లె సర్దుకొని దొర వెంట పోయినారు. పొట్టకోసం పరదేశం పోయిన తెలుగువారిలో వారిని కూడా మనం లెక్కలో వేసుకోవలె. కలకత్తా గాలి మెకంజీకి పడలేదు. ఒళ్ళు పాడై, సముద్రపు గాలి కోసం పడవలో హుగ్లీ నది మీద పోతూ 1821 మే 8వ తేదీన కన్నుమూసినాడు. పార్కు వీధి దక్షిణపు శ్మశానంలో సమాధి చేసినారు. మన దేశానికి వచ్చిన తరువాత ముప్పయి ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన స్వదేశం పోలేదు. తీరిక దొరికినప్పుడు అన్నీ సరిచూచి పుస్తకం వ్రాద్దామని దాచుకున్న సరుకు దాచుకున్నట్టే ఉండిపోయింది.

ఆ సరుకు ఎంత? భార్య దగ్గర కుంఫిణీ వారు లక్ష రూపాయలకు కొన్నారు. హోరేస్ విల్సన్ అనే పండితుడు పట్టిక తయారుచేసి 1828లో అచ్చువేసినాడు. ఆ పట్టికలో గ్రంథాలు 1,568. ఊళ్ళ కైఫియత్తుల వంటి స్థానిక వృత్తాంతాలు 2,070. శాసనాల నకళ్ళు 8,076. ఇంగ్లీషు తర్జుమాలు 2,159. బొమ్మలు 2,630. నాణేలు 6,218. పటాలు, విగ్రహాలు వేరే. ఒక మనిషి జీవితంలో పోగైన సంపద ఇది, ఒక మనిషి చేతితో మాత్రం కాదు.

కలకత్తాలో తెలుగు, కన్నడ కాగితాలు చదివేవారు ఎవరు? ఇంగ్లీషు తర్జుమాలు, బొమ్మలు, నాణేలు చాలామట్టుకు లండను దారి పట్టినవి. దక్షిణ భాషల కాగితాలు 1828లో చెన్నపట్నం చేరినవి. అక్కడ కూడా ఒక చోట నిలకడ లేదు. కొన్నాళ్ళు కాలేజీలో, కొన్నాళ్ళు లిటరరీ సొసైటీలో. చెదలు తినడం మొదలుపెట్టింది, సిరా మాసిపోతున్నది.

అప్పుడు లక్ష్మయ్య ముందుకు వచ్చినాడు. ఆయన అప్పటికి చెన్నపట్నంలో హిందూ లిటరరీ సొసైటీకి అధ్యక్షుడు. ఇరవై ఏళ్ళకు పైగా తన చేతిమీదుగా నడిచిన పని ఆగిపోయింది, దానిని తాను పూర్తిచేస్తానని దొరతనం వారికి అర్జీ పెట్టుకున్నాడు. ఆ అర్జీ అభిప్రాయం కోసం కలకత్తా ఏషియాటిక్ సొసైటీకి పోయింది. అశోకుని లిపి చదివి జగత్ప్రసిద్ధుడైన జేమ్స్ ప్రిన్సెప్ దాని కార్యదర్శి. 1836లో వచ్చిన తీర్పు ఏమిటంటే, ఈ దేశస్థుడు సమాచారం పోగుచేయడానికి పనికి వస్తాడు గాని, దానిని తూచి, విమర్శించి, పెద్దరికం వహించే శక్తి అతనికి ఉండదట. ఆ పని విలియం టేలర్ అనే పాదిరీకి అప్పగించినారు. ఆ పాదిరీ కష్టపడి పట్టికలు తయారుచేసిన మాట నిజమే. కాని ఆ కాగితాలు ఏ ఊరిలో ఎవరి పెట్టెలో నుంచి ఎట్లా వచ్చినవో తెలిసిన మనిషి బ్రతికి ఉండగా ఆయనను వాకిట్లోనే నిలబెట్టినారు. మెకంజీ బ్రతికి ఉంటే ఆ మాట అనేవాడు కాడని మా నమ్మకం.

తమ్ముడు రామస్వామి మాత్రం ఎవరి అనుమతి కోసమూ ఆగలేదు. 1829లో కలకత్తాలోనే దక్కను కవుల జీవితాలు అనే పుస్తకం ఇంగ్లీషులో అచ్చువేసినాడు. అందులో మన నన్నయ, తిక్కనలతోబాటు తన అన్న బొర్రయ్యకు కూడా చోటు ఇచ్చినాడు.

తెలుగువారికి ఇష్టుడైన బ్రౌను దొర ఈ కాగితాల దుస్థితి చూచి, కైఫియత్తులను తిరిగి శుభ్రంగా నకలు వ్రాయించినాడు. అరవైకి పైగా సంపుటాలు అయినవి. అసలు చెడిపోయిన చోట నేడు మనకు దిక్కు ఈ నకళ్ళే. మెకంజీ కాగితాలు, బ్రౌను కాగితాలు కలిసి చెన్నపట్నంలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి పునాది అయినవి. ఆదోని అయినా, హంపి అయినా, తన ఊరి పుట్టుక చదువుకోవలెనంటే పండితుడు నేటికీ ఆ తలుపు తట్టవలసిందే.

2017లో మెకంజీ పుట్టిన స్టోర్నోవే పట్టణంలో ఆయన సేకరణతో ఒక ప్రదర్శన జరిగింది. హికీ వ్రాసిన పటం లండను నుంచి ఆ చిన్న దీవికి పోయింది. అమరావతి రాయి పోయింది, బొమ్మలు పోయినవి. తమ ఊరి పిల్లవాడు ఎక్కడెక్కడ తిరిగి ఏమేమి తెచ్చినాడో ఆ దీవివారు కళ్ళారా చూచినారు. దూరపు దేశంలో జరిగినందుకు మాకు అసూయ లేదు. ఆయన వారి బిడ్డ. కాని ఆ పటంలో ఉన్న ముగ్గురు మనవారు కదా, వారు తెచ్చిన కాగితాలు మన ఊళ్ళవి కదా. కమలాపురం ప్రదర్శనశాలలో హంపి శిల్పాలు ఉన్నవి. బళ్ళారిలో బ్రూస్ ఫుట్ పేరుతో సంగనకల్లు రాతిగొడ్డళ్ళు చూపించే ప్రదర్శనశాల ఉన్నది. కడపలో బ్రౌను నివసించిన చోట భాషా పరిశోధన కేంద్రంలో తాటాకులు, రాగిరేకులు చూడవచ్చు. ఆ వరుసలో చెన్నపట్నం నుంచి బళ్ళారి కైఫియత్తులు నాలుగు గాజుపెట్టెలలో వచ్చి ఒక నెల బళ్ళారిలో ఉంటే, గుంతకల్లు నుంచి, రాయదుర్గం నుంచి, హోసపేట నుంచి రైలెక్కి వచ్చి చూచేవారు తక్కువమంది ఉండరు. చదవడానికి తెలుగు వచ్చినవారు ఒకరు, కన్నడం వచ్చినవారు ఒకరు పక్కన నిలబడితే చాలును.

మన సంఘంలో కరణీకం చేసిన ఇళ్ళవారు కొందరు ఉన్నారు. వంశపారంపర్యపు కరణీకాలు మైసూరు వైపు 1963లో పోయినవి, ఆంధ్ర వైపు 1984లో పోయినవి. పెట్టెలు మాత్రం చాలా ఇళ్ళలో అటకమీదనే ఉండిపోయినవి. వేసవి సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒకసారి పైకెక్కి చూడండి. నల్లని గుడ్డ మడతలు కనిపిస్తే పాత గుడ్డ అనుకొని పారవేయవద్దు, తడిగుడ్డతో అసలే తుడవవద్దు. బలపపు వ్రాత నీటికి నిలవదు. పొడిగుడ్డలో చుట్టి తీసుకొని రండి. వచ్చే ఉగాదికి సంఘం హాలులో ఒక బల్ల వేసి, తెల్లని దుప్పటి పరచి, ఎవరి ఇంటిది వారి పేరు చీటీతో పెడదామని కార్యదర్శిగారితో మాట్లాడి ఉంచినాము.